చప్పుడు కోసం బిగించే వాల్వు: రవాణా, ట్రాఫిక్ అధికారులకు, ఫిట్టింగ్ షాపుల వారికి ఒక మెకానిక్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా, ట్రాఫిక్ అధికారులకు,
కార్లకు బయటి సామాను బిగించే షాపుల యజమానులకు,
నా తోటి మెకానిక్కులకు,

నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల షెడ్డు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ లేఖలో ఉన్న సంగతి మీద ఇంతకుముందే రెండుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిసారి ముద్ర కొట్టి నకలు ఇచ్చారు. రెండోసారి విప్పిన వాల్వు ఒకటి గుడ్డలో చుట్టుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టి చూపించాను. "సైలెన్సర్ల సంగతి చూస్తున్నాం కదండీ, మళ్లీ ఇదేంటి?" అన్నారు. చెప్పినంతసేపూ మర్యాదగానే విన్నారు. ఏడు నెలలైంది, ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

విషయం ఇది. టర్బో పెట్రోలు కార్లకు బయట షాపుల్లో బ్లో-ఆఫ్ వాల్వులు బిగిస్తున్నారు. కుర్రాళ్లు బీఓవీ అంటారు, కొందరు డంప్ వాల్వ్ అంటారు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే, గేరు మార్చినప్పుడల్లా "ఉస్స్" మని పెద్దగా బుస కొడుతుంది. ఆ బుస కోసమే డబ్బు పెడుతున్నారు.

ఆ వాల్వు ఏం చేస్తుందో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. ఇంజిన్ వదిలే పొగ ఒత్తిడితో టర్బోలో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాగి ఇంజిన్‌లోకి నెడుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు, చిన్న టర్బోలైతే రెండు లక్షల దాకా తిరుగుతాయి. మీరు కాలు నొక్కి ఉన్నంతసేపూ ఆ గాలికి దారి ఉంటుంది. కాలు తీయగానే థ్రోటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉన్న తలుపు, మూసుకుంటుంది. చక్రం మాత్రం వెంటనే ఆగదు. పొలంలో మోటారు నడుస్తుండగా గేట్ వాల్వు టక్కున కట్టేస్తే పైపు ఎలా దడదడలాడుతుందో చూసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఎటూ పోలేని గాలి వెనక్కి తిరిగి చక్రాన్నే కొడుతుంది. అలా కొట్టకుండా కంపెనీవాళ్లు ముందే ఒక వాల్వు పెట్టి ఇస్తారు. అది తెరుచుకుని, ఎక్కువైన గాలిని మళ్లీ టర్బో ముందున్న పైపులోకే పంపిస్తుంది. లోపలి గాలి లోపలే తిరుగుతుంది, బయటికి పెద్దగా వినపడదు.

షాపులో అమ్మేది చేసే పనీ ఇదే. కాకపోతే గాలిని లోపలికి తిప్పి పంపకుండా బానెట్ కింద బయటికి వదిలేస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన మామూలు బండికి దాని వల్ల ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. "పికప్ పెరుగుతుంది అన్నా" అని నాతో చెప్పిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు అలా చెప్పి అమ్మినవాళ్లు ఈ లేఖ చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నాను, ఆ మాట ఏ మిషను మీద కొలిచి చెప్పారు?

ఇప్పుడే ఈ గొడవ ఎందుకు వచ్చిందంటే, పదేళ్ల కింద మన దగ్గర టర్బో పెట్రోలు కార్లే తక్కువ. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను తక్కువ కాబట్టి, కంపెనీలు చిన్న ఇంజిన్‌కే టర్బో తగిలించి అమ్మడం మొదలుపెట్టాయి. 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ అలా వచ్చినవే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ ప్రమాణాలు రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. లాగుడు కోసం డీజిల్ కొనే ఇళ్లలో చాలామంది టర్బో పెట్రోలుకు మారారు. అంటే ఒకప్పుడు రేసు పిచ్చి ఉన్నవాళ్ల దగ్గరే కనిపించే సరుకు ఇవాళ అపార్ట్‌మెంట్ సెల్లార్లో, నాన్న వాయిదాలు కడుతున్న కారులో ఉంది. ఇంట్లో పద్దెనిమిదేళ్ల అబ్బాయి ఉంటే చాలు, షాపుకు గిరాకీ ఉన్నట్టే.

నేను ఈ కాగితం పట్టుకోవడానికి కారణమైన బండి గురించి కొంచెం వివరంగా చెబుతాను.

కిందటేడాది వానాకాలంలో ఒక తండ్రి, కొడుకు కారు తోసుకుంటూ నా షెడ్డుకు వచ్చారు. కొడుకు బీటెక్ చదువుతున్నాడు. తండ్రిది చిన్న ఉద్యోగం, కారుకు ఇంకా మూడేళ్ల వాయిదాలు ఉన్నాయి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగుతుండగా కాలు తీయగానే ఇంజిన్ ఆగిపోయిందట. వెనక ఆర్టీసీ బస్సు ఉంది. అబ్బాయి బ్రేకు తొక్కితే మొదటిసారి పట్టింది, రెండోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగూ బరువెక్కింది. బస్సు డ్రైవరు ముందే చూసి పక్కకు కోసుకుపోయాడు కాబట్టి ఇద్దరూ నా ముందు నిలబడి ఉన్నారు.

బానెట్ ఎత్తాను. నీలం రంగు అల్యూమినియం వాల్వు తళతళలాడుతోంది. దానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. థ్రోటిల్ అవతల, ఇంజిన్ వైపు ఉన్న వాక్యూమ్‌ను (గాలి లాగుడును) పట్టుకుని, వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో ఆ గొట్టం చెబుతుంది. ఆ గొట్టాన్ని ఎక్కడి నుంచి తీశారా అని చేత్తో తడుముకుంటూ వెళ్లాను. బ్రేకు బూస్టరుకు, అంటే ఆ వాక్యూమ్‌తో బ్రేకు పెడల్‌ను తేలిక చేసే డబ్బాకు, వెళ్లే పైపును బ్లేడుతో కోసి, మధ్యలో ప్లాస్టిక్ టీ (మూడు మూతుల జాయింటు) ఒకటి దూర్చి, కేబుల్ టై వేసి బిగించారు. కూలర్లలో నీళ్ల గొట్టాలకు వాడే లాంటి టీ అది. ఇంజిన్ వేడికి ఒక పక్క వెంట్రుకంత చీలిక వచ్చింది. చీలిక మీద వేలు పెట్టి స్టార్ట్ చేస్తే బండి సర్దుకుంటోంది, వేలు తీస్తే ఐడ్లింగ్ ఎగిరెగిరి పడుతోంది. ఆ తండ్రిని పిలిచి ఆయన వేలే అక్కడ పెట్టించాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపు వేలు తీయకుండా అలాగే నిలబడ్డారు.

స్పార్క్ ప్లగ్గులు విప్పితే నాలుగింటికి నాలుగూ దీపం మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. ఆ బండికి లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సారు ఫిల్టరు పక్కనే ఉంది. ఇంత గాలి వచ్చిందని అది చెబితే, కంప్యూటరు దానికి సరిపడా పెట్రోలు కొడుతుంది. కానీ కొలిచిన గాలిలో కొంత వాల్వులోంచి బయటికి పోయింది. పెట్రోలు మిగిలింది, గాలి చాలలేదు. కాలు తీసిన ప్రతిసారీ అదే జరిగింది. మసి పట్టింది, చివరికి బండి ఆగిపోయింది.

వాల్వుకూ ఫిట్టింగుకూ కలిపి ఆ అబ్బాయి పెట్టింది 9,500. నేను సగం కూలీ వదులుకున్నా, ప్లగ్గులు, పైపులు, కంపెనీ వాల్వు కొత్తది అన్నీ కలిపి 23,400 అయింది. పాత వాల్వు ఉంటే కొంత మిగిలేది. షాపులో అడిగితే పారేశాం అన్నారట.

ఇది ఒక్క బండి సంగతే అయితే నేను మీ సమయం తీసుకోను. ఈ ఏడాదిన్నరలో ఈ వాల్వులున్న బండ్లు నా ఒక్క షెడ్డుకే పదకొండు వచ్చాయి. వాటన్నిటిలో చూసింది, మా వీధిలో చూస్తున్నది కలిపి, మామూలు జనం మీద పడే నష్టాలు ఇలా ఉన్నాయి.

1. ప్రాణం మీదికి వస్తోంది. పైన చెప్పిన బండిలాగే బ్రేకు పైపును కోసిన బండ్లు ఆ పదకొండింటిలో ఇంకో రెండు ఉన్నాయి. ఇంజిన్ ఆగిపోయాక బూస్టరులో మిగిలిన వాక్యూమ్‌తో బ్రేకు ఒకటి రెండుసార్లు తేలిగ్గా పడుతుంది. ఆ తర్వాత రెండు కాళ్లూ పెట్టి తొక్కాల్సిందే. పైపుకే చీలిక ఉంటే ఆ ఒకటి రెండుసార్లు కూడా నమ్మకం లేదు. బండి నడిపేది కొడుకైతే, ఆ సమయానికి ముందు రోడ్డు దాటుతున్నది ఎవరి తల్లో ఎవరి బిడ్డో. వాళ్లకు ఈ వాల్వు పేరు కూడా తెలియదు.

2. వారంటీ పోతోంది. బయటి వాల్వు వల్ల చెడిందని తేలితే కంపెనీ సర్వీస్ సెంటర్ ఆ రిపేరుకు వారంటీ ఇవ్వదు. వాళ్లను తప్పు పట్టలేం. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర కూడా అదే చిక్కు. అమ్మేటప్పుడు ఈ రెండు ముక్కలూ కొనేవాడికి చెప్పిన షాపు నాకు ఇంతవరకు కనపడలేదు. నష్టపోయేది కుర్రాడు కాదు. ఆర్సీ మీద పేరు తండ్రిది, వాయిదాలు తండ్రివి.

3. పొగ. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అలా వేడెక్కీ వేడెక్కీ లోపలి జల్లెడ కరిగిపోతుంది. బీఎస్6 అని కొత్త కారు కొని, దాని పొగను శుభ్రం చేసే సామానునే మనం పాడు చేసుకుంటున్నాం. ఇక్కడ అధికారులు ముఖ్యంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. పొల్యూషన్ టెస్టులో ఇది దొరకదు. ఆ టెస్టులో బండిని నిలబెట్టి, లోడు లేకుండా, ఐడ్లింగ్‌లోనూ కొంచెం రేజ్ చేసీ పొగ కొలుస్తారు. టర్బో ఒత్తిడి పెరిగి, కాలు తీసినప్పుడే ఈ వాల్వు పని మొదలయ్యేది. నిలబడ్డ బండిలో అది దాదాపుగా మౌనంగా ఉంటుంది. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, అందులో అంకెలన్నీ బాగానే ఉంటాయి. చెక్‌పోస్టు దగ్గరా ఇంతే. బండి ఆపిన చోట అది బుస కొట్టదు. దాటి వంద గజాలు వెళ్లాక కొడుతుంది.

4. నిద్ర. నేను ఉండేది పటమటలో. మా ఎదురింటి మాస్టారుకు రెండేళ్ల కింద గుండె ఆపరేషన్ అయింది. రాత్రి పదకొండు దాటాక మా వీధి చివరి రోడ్డు మీద రెండు మూడు కార్లు అటూ ఇటూ తిరుగుతాయి. ఇంజిన్ మోత పెరగడం, వెంటనే బుస, మళ్లీ మోత, మళ్లీ బుస. హారన్ అయితే ఒకసారి కొట్టి ఊరుకుంటారు. ఇది గేరు గేరుకూ వస్తుంది. ఒకరోజు రాత్రి పన్నెండున్నరకు మంచినీళ్లకు లేస్తే, మాస్టారు వసారాలో లైటు వేసుకోకుండా కుర్చీలో కూర్చుని కనిపించారు. ఒంట్లో బాలేదా అని అడిగాను. "బాగానే ఉందయ్యా. మళ్లీ వస్తారు కదా, వచ్చి వెళ్లాక పడుకుందామని" అన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఇళ్లున్న చోట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆసుపత్రులు, బడుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో అయితే 40. ప్రశాంతంగా బతికే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2005లో శబ్ద కాలుష్యం కేసులోనే చెప్పింది. మాస్టారుకు ఇవేవీ అక్కర్లేదు, పదిన్నరకు పడుకుంటే చాలు.

5. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు. అమ్మే ముందు వాల్వు విప్పేసి, కోసిన గొట్టాల మూతులకు స్క్రూలు దూర్చి వదిలేస్తున్నారు. పైకి ఏమీ తెలియదు. కొన్న నెలకు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0299 అని వస్తుంది. టర్బో ఒత్తిడి రావడం లేదని దానర్థం. ట్యాక్సీకి పెట్టుకుందామని అప్పు చేసి కొన్న మనిషి ఒకరు నా షెడ్డులో బల్ల మీద కూలబడిపోయారు.

6. డీజిల్ కార్లకు కూడా అమ్ముతున్నారు. డీజిల్ ఇంజిన్‌ను పెట్రోలు ఇంజిన్‌లా థ్రోటిల్ మూసి అదుపు చేయరు కాబట్టి అక్కడ అసలు ఈ సమస్యే లేదు. లేని రోగానికి మందు అన్నమాట. పెడల్ మీద కాలు తీయగానే వాల్వు తెరుచుకునేలా ఒక కరెంటు డబ్బా తగిలించి, మంచి గాలిని బయటికి పారబోసి చప్పుడు చేయిస్తున్నారు. దీన్ని నేను మోసం అనే అంటాను.

షాపుల వారు నాకు చెప్పే జవాబులు కూడా ఇక్కడ రాయడం న్యాయం. "అన్ని బండ్లకూ గాలి కొలిచే సెన్సారు ఫిల్టరు పక్కన ఉండదు, ఒత్తిడి కొలిచే సెన్సారు ఉన్న బండ్లలో పెట్రోలు తేడా పెద్దగా రాదు" అంటారు. నిజమే. అలాంటి బండ్లు చాలా ఉన్నాయి, వాటిలో మసి సమస్య తక్కువ. కానీ కోసిన బ్రేకు పైపుకు ఆ సెన్సారుతో సంబంధం లేదు. మాస్టారు నిద్రకూ లేదు. స్ప్రింగు మెత్తగా ఉంటే ఐడ్లింగ్‌లో వాల్వు కాస్త తెరుచుకుని ఫిల్టరు దాటని దుమ్ము గాలిని లోపలికి లాగుతుంది. స్ప్రింగు మరీ గట్టిగా బిగిస్తే "స్టుటుటు" మని ఇంకో చప్పుడు వస్తుంది. కొందరు కుర్రాళ్లు కావాలని అడిగి చేయించుకునేది ఆ రెండోదే. అది గాలి వెనక్కి తిరిగి టర్బో చక్రాన్ని కొడుతున్న చప్పుడు. దేన్ని ఆపడానికి వాల్వు పుట్టిందో, దాన్నే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు.

ఇంకో మాట కూడా అంటారు. కంపెనీ వాల్వులో రబ్బరు పొర చిరిగిపోతుంది, అప్పుడు మార్చాలి కదా అని. తప్పకుండా మార్చాలి. నేనూ మారుస్తాను. గాలిని లోపలికే తిప్పి పంపే వాల్వు వేయండి, నాకే అభ్యంతరమూ లేదు. కోయంబత్తూరులోనో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో ట్రాక్ మీద బండి తోలేవాళ్లు ఏం బిగించుకున్నా అది వాళ్లకూ ఆ ట్రాక్ నిర్వాహకులకూ సంబంధించిన విషయం. ఆ బండిని ట్రక్కు మీద తీసుకెళ్లి ట్రక్కు మీద తెచ్చుకోవాలి. నా గొడవంతా ఊళ్లో తిరిగే బండితో.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగానే వివరించింది. అదే ఏడాది తెచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని రీతిలో సామాను బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, గాలి కాలుష్యం ప్రమాణాలు మీరిన బండి తోలితే 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా, జైలు కూడా ఉండవచ్చు. అంటే కర్ర మీ చేతిలో ఉంది. కానీ ఈ వాల్వు పేరు పెట్టి ఎక్కడా రాయలేదు. ఆ సందులోంచే షాపులు నడుస్తున్నాయి. "ఆర్సీలో వాల్వు గురించి ఏమైనా ఉందా సార్?" అని ఎదురు అడుగుతున్నారు. పైగా జరిమానా రాస్తే అది యజమానికే, అంటే మళ్లీ ఆ తండ్రికే. కోసినవాడికి ఏమీ కాదు, సాయంత్రానికి ఇంకో బండి కోస్తాడు.

మన నగరాల్లో పోలీసులు బుల్లెట్ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం జనం చూశారు, మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అయితే సైలెన్సర్ బయటికి కనపడుతుంది. ఇది బానెట్ కింద ఉంటుంది. రోడ్డు మీద చెవులు పెట్టుకుని దీన్ని పట్టుకోవడం కష్టం. పట్టుకోవాల్సింది షాపు కౌంటర్ దగ్గర.

అధికారులను నేను అడుగుతున్నవి:

1. రోడ్డు మీద తిరిగే బండికి గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వు బిగించడం చట్టం ప్రకారం చెల్లుతుందో చెల్లదో, వాల్వు పేరు పెట్టి, తెలుగులో, ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి. దాన్ని ప్రతి ఫిట్టింగ్ షాపు గోడకూ అంటించండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి సామాను విషయంలో ఒక పద్ధతి పెట్టుకుంది. పొగ మీద ప్రభావం చూపే సామానుకు అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఆర్డరు నంబరు ఉంటేనే రోడ్డు బండికి వాడాలి. బానెట్ ఎత్తి నంబరు చూస్తే తేలిపోతుంది. మన దగ్గర అంత పెద్ద ఏర్పాటుకు సమయం పట్టవచ్చు, సర్క్యులర్‌కు పట్టదు.

2. బండి పట్టుబడితే, ఎక్కడ బిగించారో రాసుకోండి. ఒకే షాపు పేరు మూడుసార్లు వస్తే ఆ షాపుకు వెళ్లండి. బిల్లు పుస్తకం అడగండి. బిల్లు లేకుండా అమ్ముతున్నారంటే అది వేరే శాఖకు కూడా పని.

3. తనిఖీ చేసే సిబ్బందికి సగం పూట శిక్షణ ఇప్పించండి. కంపెనీ వాల్వు ఎలా ఉంటుంది, బయటిది ఎలా ఉంటుంది, గొట్టం ఎక్కడి నుంచి తీశారో ఎలా చూడాలి, ఇంతే. నేనూ, ఆటోనగర్‌లో నాకు తెలిసిన మరో నలుగురు మెకానిక్కులూ వచ్చి నేర్పిస్తాం. డబ్బు వద్దు, టీ కూడా మేమే తెచ్చుకుంటాం.

4. మొదటిసారి పట్టుబడ్డ బండికి పదిహేను రోజులు గడువు ఇచ్చి, కంపెనీ వాల్వు తిరిగి బిగించి చూపించమనండి. పద్దెనిమిదేళ్ల పిల్లల మీద కేసులు పడాలని నేను ఈ లేఖ రాయడం లేదు. రెండోసారైతే చట్టం ఎలా చెబితే అలా చేయండి.

5. ఆసుపత్రులున్న రోడ్ల మీద రాత్రి పది తర్వాత వారానికి రెండు రోజులైనా నిలబడండి.

6. ఈ లేఖకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వండి. చేయలేమన్నా సరే, ఎందుకు చేయలేరో రాసి ఇవ్వండి. దాన్నిబట్టి మేం ఇంకో తలుపు తట్టాలో లేదో తెలుస్తుంది.

ఇక షాపులు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు. మీరూ అద్దెలు కట్టుకుంటున్నారు, మీ దగ్గరా నలుగురు పిల్లలు పని చేసుకుని బతుకుతున్నారు. మీ కడుపు కొట్టాలని నాకు లేదు. సీటు కవర్లు, కెమెరాలు, మంచి టైర్లు, అమ్మడానికి చాలా ఉన్నాయి. ఈ వాల్వు మానేయండి. సర్క్యులర్ వచ్చేదాకా మానం అంటే, కనీసం మూడు పనులు ఈరోజు నుంచే చేయండి. బ్రేకు పైపును కోయకండి, ఏ బండికీ, ఎంత ఇచ్చినా. విప్పిన కంపెనీ వాల్వును కవరులో వేసి బండి యజమాని చేతికే ఇవ్వండి. పిల్లవాడు ఒక్కడే వస్తే ఆర్సీలో పేరున్న మనిషికి ఫోన్ చేసి, వారంటీ సంగతి చెప్పాకే స్పానర్ పట్టుకోండి. ఆ ఒక్క ఫోన్‌తో సగం గిరాకీ తగ్గుతుందని మీకు తెలుసు, నాకూ తెలుసు.

తోటి మెకానిక్కులకు చెప్పేది చిన్నదే. ఇలాంటి బండి మీ దగ్గరికి వస్తే సరిచేసి పంపేసి ఊరుకోకండి. ఫొటో తీసి, తారీఖు వేసి, ఒక పుస్తకంలో రాసి పెట్టండి. యజమాని పేరు అక్కర్లేదు. నా పదకొండుకు మీవి కూడా కలిస్తే, "ఎక్కడో ఒకటీ అరా" అని ఎవరూ కొట్టిపారేయలేరు.

ఆ చీలిన ప్లాస్టిక్ టీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తండ్రిని అడిగి ఉంచుకున్నాను. షెడ్డులో టేబుల్ సొరుగులో పెట్టాను. అధికారుల్లో ఎవరు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను, రమ్మంటే నేనే మళ్లీ గుడ్డలో చుట్టుకుని తెస్తాను. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు షెడ్డులోనే ఉంటాను.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న
ఒక కార్ల మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ